ఏర్కాడు చెరువు ఒడ్డున ఒక కార్తీక మధ్యాహ్నం

మన పత్రికలో యాత్రా విశేషాలు వ్రాసేవారు కాశీకి వెళ్ళి వ్రాస్తారు, బదరికి వెళ్ళి వ్రాస్తారు, పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళివచ్చినవారు అక్కడి మంచును గురించి వ్రాస్తారు. మాకు ఇంతవరకు అటువంటి భాగ్యం కలుగలేదు. ఒక దినం సెలవు పెట్టి ప్రొద్దున్నే బయలుదేరితే రాత్రి భోజనానికి ఇల్లు చేరగలిగినంత దూరమే మా యాత్రలన్నీ. ఆఫీసులో ఇన్నేళ్ళుగా ఇతరుల వ్యవహారాలే వ్రాస్తూ వచ్చిన చేతితో ఈ ఒక్కసారి మా సొంత వ్యవహారం ఒకటి వ్రాద్దామని కూర్చున్నాము. పాఠక మహాశయులు ఓపికతో చదువవలసిందిగా కోరుతున్నాము.

మా ఊరు సేలం. ఊరికి ఉత్తరపు దిక్కున గోడ కట్టినట్లు నిలబడి ఉంటాయి సేర్వరాయన్ కొండలు. ఇంగ్లీషువారి నోట అవి షెవరాయ్ కొండలైనాయి. ఆ కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఏర్కాడు అనే ఊరు, ఊరి నడుమ ఒక చెరువు. మా ఇంటి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మే నెలలో పూలప్రదర్శన జరిగే రోజులలో ఈ ప్రాంతపు మన కుటుంబాలు చాలావరకు అక్కడికి వెళ్ళే ఉంటాయి. ఆ రోజులలో చెరువు కంటె జనమే ఎక్కువగా కనబడతారు. మేము చెప్పబోయేది ఆ ఏర్కాడును గురించి కాదు. కార్తీకమాసంలో, పనిదినాన, వాన వెలిసిన మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ చెరువు ఎట్లా ఉంటుందో చెబుతాము. దాని ఒడ్డున మా ఇంటివారికి ఏమి జరిగిందో కూడా చెబుతాము.

శరదృతువు అనగానే మన కావ్యాలు చదువుకున్నవారికి తేటబడిన నీరు, మబ్బులేని ఆకాశం, పిండారబోసినట్లున్న వెన్నెల గుర్తుకు వస్తాయి. మాకు ఆ శరత్తు దొరకదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య ఋతుపవనం తమిళదేశానికి వానలు తెచ్చే గాలి. అందుచేత మా ఆశ్వయుజ కార్తీకాలు గొడుగు క్రింద గడుస్తాయి. నెలల లెక్కలో కూడా ఒక తిరకాసు ఉన్నది. మన కార్తీకం దీపావళి అమావాస్య మరునాడు పాడ్యమితో మొదలవుతుంది. తమిళుల కార్తికై సౌరమానం కనుక నవంబరు నడుమ మొదలవుతుంది. మా అమ్మ తెల్లవారుజామున దీపం పెట్టే రోజులలో ప్రక్కింటి ఆమె “ఇంకా కార్తికై రాలేదే” అంటుంది. ఆమె వాకిట్లో దీపాల వరుస పెట్టేనాటికి ఒక్కొక్క ఏడు మా నెల దాటిపోయి కూడా ఉంటుంది. తరతరాలుగా ఇక్కడ ఉన్న మనకు రెండు దీపాలూ పెట్టడం అలవాటే. కాని కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన కూర్చుని వనభోజనం చేయడం మాత్రం మా వీధిలో మా ఇంట్లోనే ఉన్న ఆచారం.

ఈ ఏడు వనభోజనానికి ఏర్కాడే వెళ్ళాలని, ఇద్దరు కొడుకులూ రావాలని మా అమ్మ పట్టుబట్టింది. ఇక్కడ ఒక ఇంటిగుట్టు చెప్పక తప్పదు. మా నాయన పోయి నాలుగేళ్ళు. ఆయన కట్టిన ఇల్లు ఒకటి సేలంలో ఉన్నది. ఆ ఇంటి విషయమై మాకూ మా తమ్ముడికీ మాట పట్టింపు వచ్చి రెండేళ్ళుగా మాటలు లేవు. కూతురి చదువు ఖర్చుకు తన భాగం అమ్మాలని అతడంటాడు. నాయన కట్టిన ఇల్లు మూడోవారి పాలు కాకూడదని మేమంటాము. తప్పు ఎవరిదో ఇక్కడ వ్రాయము. వ్రాస్తే మాది కాదనే వ్రాస్తాము కనుక ఆ వ్రాతకు విలువ ఉండదు. తప్పనిసరిగా చెప్పవలసిన సంగతులు ఏవైనా ఉంటే అమ్మ ద్వారా పంపుకునేవారము. “వాడికి చెప్పు” అని మేము, “అన్నకు చెప్పు” అని అతడు. డెబ్బై దాటిన మా అమ్మ రెండిళ్ళ నడుమ తపాలా జవానుగా పనిచేస్తూ వచ్చింది. తోడికోడళ్ళిద్దరు మాత్రం మాకు తెలియకుండా ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారని తరువాత తెలిసింది.

అమ్మ మాట కాదనలేక ఒక బుధవారం ప్రొద్దున అందరమూ సేలం బస్టాండులో కలుసుకున్నాము. అమ్మ, మేము, మా ఇంటావిడ ఒక ప్రక్క. తమ్ముడు, మరదలు, కాలేజీలో చదువుతున్న వాళ్ళ అమ్మాయి మరొక ప్రక్క. బస్సులో అమ్మకు కిటికీ దగ్గర చోటు దొరికింది. మేము ఆమె వెనుక కూర్చున్నాము. తమ్ముడు నాలుగు వరుసలు వదలి కూర్చున్నాడు.

ఊరు దాటి బస్సు ఘాటు ఎక్కనారంభించగానే వెనుకకు తిరిగి చూస్తే క్రింద ఒకచోట నేల సున్నం జల్లినట్లు తెల్లగా కనబడుతుంది. అవి మాగ్నసైటు గనులు. ఇంగ్లీషువారు వాటికి చాక్ హిల్స్ అని పేరుపెట్టారు. ఈ ఘాటుకు 20 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గర దాని సంఖ్య వ్రాసిన బోర్డు ఉంటుంది. చిన్నప్పుడు మేమూ తమ్ముడూ ఆ సంఖ్యలు గట్టిగా అరిచి చదివేవారము. ఎవరు ముందు చూస్తే వారిది ఆ మలుపు. ఆనాడు కూడా బోర్డు కనబడినప్పుడల్లా నోటి దాకా వచ్చింది గాని మింగివేశాము. వెనుక వరుసలో ఏమి జరిగిందో తెలియదు.

కొండ అడుగున ఎండిన ముళ్ళపొదలు, పైకి పోయినకొద్దీ వెదురు, ఇంకా పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు. వాటి నీడన కాఫీ. ఆ చెట్ల బోదెల మీదుగానే మిరియాల తీగలు ప్రాకి ఉంటాయి. ఒకే నేలలో నీడకు ఒకటి, తీగకు ఒకటి, గింజకు ఒకటి. మలుపుల దగ్గర పిట్టగోడల మీద కోతులు వచ్చేపోయే బండ్లను లెక్కపెడుతున్నట్లు కూర్చుని ఉన్నాయి. పదో మలుపు దాటేసరికి చెవులు మూసుకుపోయినట్లయినది. పదిహేనో మలుపు దగ్గర మా ఇంటావిడ సంచీలోంచి శాలువ తీసి అత్తగారికి కప్పింది. సేలంలో చెమట తుడుచుకుంటూ ఎక్కిన బస్సులోనే గంట తిరిగేసరికి శాలువ వెదకవలసి రావడం ఈ ఘాటు మహత్తు.

తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. రెండూ కలిసి ఏర్కాడు అయినదంటారు. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకాయనను ఏర్కాడు తీసుకువెళతామంటే, “పేరులోనే కాడు ఉన్నదే, పిల్లలతో ఎట్లా వెళతారండీ?” అన్నాడు. ఆయనకు తెలిసిన కాడు వల్లకాడు. “ఆ కాడు వేరు, ఈ కాడు వేరు నాయనా” అని మా అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నది. రెండు భాషల నడుమ కాపురం చేసేవారికి ఇటువంటి తికమకలు కొత్త కాదు.

ఊళ్ళో హోలీ ట్రినిటీ చర్చి అని పాత చర్చి ఒకటి ఉన్నది. అక్కడ రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర అస్థికలు ఉంచారు. ఆయన 1858లో భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు. 1863లో పల్లావరం దగ్గర ఒక రాతి పనిముట్టును గుర్తించి, పాతరాతియుగపు మానవుడు మన దేశంలో కూడా సంచరించినాడని లోకానికి చాటాడు. తెలుగునాటికి కూడా ఆయన చేసిన సేవ ఉన్నది. నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884 ప్రాంతంలో త్రవ్వి, పూర్వకాలపు జంతువుల ఎముకలు బయటికి తీయించినది ఆయనే. ఉద్యోగ విరమణ తరువాత ఈ ఏర్కాడులోనే స్థిరపడ్డాడు. 1912లో కలకత్తాలో పోతే అస్థికలను ఇక్కడికి తెచ్చారు. ఎక్కడో పుట్టి, మన రాళ్ళూ మన గుహలూ కాలినడకన తిరిగి, చివరికి ఈ కొండను తన ఊరు చేసుకున్నాడు. పుట్టిన చోటు ఒకటి, ఉన్న చోటు ఒకటి అయిన మనబోటివారికి ఆ సమాధి దగ్గర ఒక నిమిషం నిలబడాలనిపించడం సహజం.

చెరువు దగ్గరికి చేరేసరికి పన్నెండు గంటలు. ముందురాత్రి కురిసిన వాన వెలిసింది గాని ఎండ లేదు. మబ్బు పలచగా పరచుకొని, దాని వెనుక సూర్యుడు వెండి పళ్ళెంలా ఉన్నాడు. సెలవు రోజులలో వేరుసెనగల బండ్లూ, గుర్రాలూ, కేకలూ ఉండే ఒడ్డున ఆనాడు ఇద్దరు ముగ్గురు మనుషులు కూడా లేరు. పడవలన్నీ రేవులో కట్టివేసి ఉన్నాయి. నీరు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నది. అవతలి గట్టున ఉన్న చెట్లు నీళ్ళలో తలక్రిందులుగా అంతే స్పష్టంగా ఉన్నాయి. నీటికాకి ఒకటి మునిగి, ఎక్కడో దూరాన తేలినప్పుడు మాత్రం ఆ చెట్లు వణికేవి. మళ్ళీ కుదుటబడేవి.

చుట్టూ ఉన్న వాలుల మీద పడిన వాన ఈ చెరువులోకి దిగుతుంది. చెరువు నిండినప్పుడు అలుగు పారి, ఆ నీరే క్రింద లోయలో కిళియూరు జలపాతమై సుమారు 300 అడుగులు దూకుతుంది. ఎండాకాలంలో జలపాతం చూడబోయినవారు రాళ్ళు చూసి తిరిగివస్తారు. అది వానల తరువాత చూడవలసిన చోటు. మేము వెళ్ళిన రోజున చెరువు నిండుగా ఉన్నది.

గట్టున రోడ్డుకు దిగువగా చెట్ల క్రింద జంపఖానా పరిచాము. చుట్టూ ఎన్నో చెట్లు ఉన్నవి గాని అందులో ఉసిరి లేదు. “ఉసిరి నీడ లేకుండా వనభోజనం ఎట్లా అత్తయ్యా?” అన్నది మరదలు. అమ్మ తన చేతిసంచీ విప్పింది. ముందునాడే ఎదురింటివారి పెరటి నుంచి కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఉసిరికొమ్మ ఒకటి బయటికి వచ్చింది. దానిని జంపఖానా మొదట మెత్తని మట్టిలో గుచ్చి, పసుపు కుంకుమ పెట్టి, చిన్న ప్రమిదెలో దీపం వెలిగించింది. జానెడు కొమ్మ, ఆరుగురు మనుషులు. దాని నీడ ఎంతమంది మీద పడిందో చెప్పలేము. తరువాత అరిటాకులు పరచి వడ్డించింది. పులిహోర, గారెలు, దద్దోజనం, ఉసిరికాయ పచ్చడి. అమ్మ ఎవరినీ ఇక్కడ కూర్చో, అక్కడ కూర్చో అనలేదు. దద్దోజనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిన్నప్పటిలాగా అందరి చేతులలో ముద్దలు పెట్టింది. పెద్దవాడికి ఒక ముద్ద, చిన్నవాడికి ఒక ముద్ద. ఒకే గిన్నెలోంచి వస్తున్నవి కనుక ఎవరూ వద్దనలేకపోయారు.

ఈ కొండ మా అమ్మకు కాపురం పెట్టిన చోటు. మా నాయన ఇక్కడ ఒక కాఫీ ఎస్టేటులో రైటరు. రైటరంటే కథలు వ్రాసేవాడు కాదు, కూలీల హాజరు చెక్‌రోలు వ్రాసేవాడు. ఈ కొండలకు కాఫీ వచ్చి రెండువందల ఏళ్ళయినది. 1820ల ప్రాంతంలో సేలం కలెక్టరుగా ఉన్న కాక్‌బర్న్ అనే దొర ఇక్కడ కాఫీ నాటించాడు. పూత వేసవి మొదట్లో వానజల్లు పడగానే ఒక్కసారిగా వస్తుంది. ఆ వారం కొండంతా మల్లెతోటలా ఉంటుంది. కార్తీకం నాటికి కాయలు ఎరుపెక్కడం మొదలవుతుంది. అన్నీ ఒకేసారి పండవు గనుక ఒక్కొక్క చెట్టు దగ్గరికి రెండు మూడు మార్లు వెళ్ళి, పండినవి మాత్రమే ఏరి కోయాలి. కోసినవాటి తోలు యంత్రంలో తీసి, జిగురు పోయేదాకా నానవేసి కడిగి, కళ్ళంలో ఆరబోస్తారు. ఆ రోజులలో మా నాయన చొక్కా నుంచి పులిసిన కాఫీతోలు వాసన వచ్చేది. అమ్మ ఎంత ఉతికినా అది వదలలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన మమ్ములనిద్దరినీ ఈ చెరువు గట్టుకు తీసుకువచ్చేవాడు. కొండ మీద బడులలో తమిళం చెప్పేవారు, ఇంగ్లీషు చెప్పేవారు. 1917లో పెట్టిన మాంట్‌ఫర్ట్ వంటి పెద్ద బడులూ ఉన్నవి, అవి మా తాహతుకు మించినవి. తెలుగు చెప్పే బడి లేదు. గట్టు ప్రక్క తడిమట్టి మీద పుల్లతో అ ఆలు వ్రాయించేవాడు మా నాయన. పుల్ల ఒకటే. మేము వ్రాసి ఇస్తే తమ్ముడు వ్రాయాలి. ఆ పుల్ల కోసం కొట్టుకుని ఒకసారి ఇద్దరమూ నీళ్ళలో పడ్డాము. నాయన ఇద్దరినీ పైకి లాగి, పుల్లను రెండుగా విరిచి చెరొక ముక్కా ఇచ్చాడు. ఈ పత్రికకు మేము నాలుగు ముక్కలు వ్రాయగలుగుతున్నామంటే అది ఆ మట్టి చలువే.

భోజనాలయినాక అమ్మ చెట్టుకు ఆనుకొని కాళ్ళు చాపుకున్నది. రోడ్డు మీద నెత్తిన కట్టెలమోపులతో ఇద్దరు ఆడవారు పోతూ ఉన్నారు. తమ్ముని కూతురు వారిని చూసి “ఎవరవ్వా వీళ్ళు?” అని అడిగింది. ఈ కొండలలో తరతరాలుగా ఉంటున్నవారిని మలయాళులంటారు. మలయాళదేశపు వారితో వీరికి సంబంధం లేదు. మలై అంటే కొండ, కొండను ఏలుకునే జనం అని ఆ పేరు. మాట్లాడేది తమిళమే. కొండ శిఖరాన గుహలో సేర్వరాయన్, కావేరి అమ్మన్ అనే వారి దేవతలు ఉన్నారు. మే నెలలో జాతర జరుగుతుంది. వీరి పుట్టుక గురించి ఒక కథ ఉన్నది. ఎస్టేటులో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర అమ్మ విన్నదట. అదే మనుమరాలికి చెప్పింది.

పూర్వం కంచిలో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెరియణ్ణన్, నడువణ్ణన్, చిన్నణ్ణన్. అంటే పెద్దన్న, నడిమన్న, చిన్నన్న. ఏదో కారణం చేత ఊరు విడిచి, తమ దేవుణ్ణి వెంటబెట్టుకుని దక్షిణంగా వచ్చారు. వచ్చి వచ్చి ఇక్కడ విడిపోయారు. పెద్దవాడు ఈ సేర్వరాయన్ కొండ ఎక్కాడు. నడిమివాడు పచ్చమల ఎక్కాడు. చిన్నవాడు కొల్లిమల ఎక్కాడు. మూడు కొండలలోని మలయాళులూ ఆ ముగ్గురి సంతతి అని వారి నమ్మకం.

“ముగ్గురూ మళ్ళీ కలుసుకున్నారా అవ్వా?” అన్నది ఆ పిల్ల.

“ఏమో తల్లీ, కొండ దిగితే గదా కలుసుకునేది” అన్నది అమ్మ. అని ప్రమిదెలో వత్తి ఎగదోసింది. మా ముఖం చూడలేదు, తమ్ముని ముఖమూ చూడలేదు. మేము నీటికాకిని చూస్తూ కూర్చున్నాము. తమ్ముడు చెప్పులకు అంటిన మట్టి గీకసాగాడు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో అవతలి గట్టున ఎవరో బట్ట ఉతికే చప్పుడు కూడా మాకు వినబడింది.

మూడు గంటలవేళ అమ్మ ఉన్నట్లుండి “పడవ ఎక్కుదాము” అన్నది. అందరమూ తెల్లబోయాము. ఈ కొండ మీద పన్నెండేళ్ళు కాపురం చేసినా ఆమె ఏనాడూ పడవ ఎక్కి ఎరుగదు. ఆ రోజులలో చెరువు మాకు చూడడానికే గాని ఎక్కడానికి కాదు. రేవులో తెడ్డుపడవ మాట్లాడబోతే, “అది వద్దు. అదిగో, కాళ్ళతో తొక్కేది” అన్నది. అది నలుగురికి సరిపోయే పడవ. ముందు ఇద్దరు తొక్కాలి, వెనుక ఇద్దరు కూర్చోవచ్చు. మా ఇంటావిడ తనకు నీళ్ళంటే భయమన్నది. మరదలు తన చీర కొత్తదన్నది. ఇద్దరూ ఆ మాటలు ముందే అనుకుని వచ్చారేమోనని ఇప్పుడు అనుమానం కలుగుతున్నది. అమ్మాయి అవ్వ చేయి పట్టుకుని వెనుక కూర్చున్నది. తొమ్మిది గజాల చీర మీద నారింజరంగు రక్షణకోటు తొడుక్కుని అమ్మ పెళ్ళికూతురిలాగా కదలకుండా కూర్చున్నది. ఇక ముందు రెండు చోట్లకు మిగిలినవారము ఇద్దరమే.

ఆ పడవ సంగతి చెప్పాలి. రెండు జతల పెడళ్ళూ ఒకే ఇరుసుకు కలిపి ఉంటాయి. ఒకరు తొక్కితే రెండవవారి కాళ్ళు వద్దన్నా తిరుగుతాయి. ఒకరు ఆపితే రెండవవారికి బరువు రెట్టింపవుతుంది. నడుమ ఒక చిన్న కడ్డీ, అది త్రిప్పితే పడవ తిరుగుతుంది. కడ్డీ ఒకటే. కొంతదూరం మేము పట్టుకున్నాము. తరువాత ఎప్పుడు చేయి తీశామో, ఎప్పుడు తమ్ముడు పట్టుకున్నాడో గుర్తు లేదు. “ఎడమకు పోతే బాగుంటుంది” అని మేము నీళ్ళతో చెప్పాము. “గాలి అటునుంచి ఉన్నది” అని అతడు ఆకాశంతో చెప్పాడు. వెనుక నుంచి అమ్మాయి నవ్వు ఆపుకోవడం వినబడింది.

చెరువు నడిమికి వచ్చేసరికి కొండ మీది నుంచి మంచు దిగింది. తెరలాగా వచ్చి ముందు అవతలి గట్టు చెట్లను, తరువాత రేవును, ఆ తరువాత గట్టున నిలబడిన తోడికోడళ్ళను కప్పివేసింది. మా చుట్టూ నాలుగు బారల నీరు మాత్రం మిగిలింది. తొక్కడం మానివేశాము. ఇద్దరమూ ఒకేసారి మానివేశాము. నీరు పడవ అడుగున తట్టుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసులో కాగితాల నడుమ కళ్ళు మూసుకున్నప్పుడు ఆ నాలుగు బారల నీరు మాకు ఇప్పటికీ కనబడుతుంది.

పడవ తనంత తాను గాలికి కొట్టుకుపోయి గట్టు దగ్గరి నీటిగడ్డిలో చిక్కుకున్నది. మేము ముందుకు తొక్కాము, అది మరింత చిక్కుకున్నది. ఇంకా గట్టిగా తొక్కాము. అప్పుడు తమ్ముడు మా మోకాలి మీద చేయి వేసి, “అన్నా, ఆగు. వెనక్కి తొక్కాలి. ఇద్దరమూ కలిసి, నేను ఒకటి అన్నప్పుడు” అన్నాడు.

రెండేళ్ళ తరువాత మేము విన్న మొదటి “అన్నా” అది. అతడు ఒకటి అన్నాడు, రెండు అన్నాడు. వెనక్కి తొక్కాము. గడ్డి విడిచింది. వెనుకకు తిరిగి చూస్తే అమ్మ ఏమీ విననట్లు మంచులోకి చూస్తూ ఉన్నది. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. కార్తీకం గనుక శివనామం అయి ఉండవచ్చు.

నాలుగున్నరకు బస్సు ఎక్కాము. తిరుగు ప్రయాణంలో నాలుగు వరుసల దూరం లేదు. పద్దెనిమిదో మలుపు దగ్గర వాన అందుకున్నది. “అన్నా, అమ్మ మోకాళ్ళకు ఆ నూనె ఎక్కడ తెస్తున్నావు?” అని అడిగాడు తమ్ముడు. అంగడి పేరు చెప్పాము. అంతకంటె ఎక్కువ మాటలు జరుగలేదు. కాని పదకొండో మలుపు బోర్డు కనబడగానే ఇద్దరి నోటా “పదకొండు” అని వచ్చింది. ఎవరు ముందు అన్నారో తేలలేదు.

ఈ యాత్ర చేయదలచినవారికి నాలుగు మాటలు. శని, ఆదివారాలు మానుకొని పనిదినాన వెళ్ళండి. కార్తీకంలో గొడుగు, శాలువ మరువకండి. అలుగు పారే రోజులలో కిళియూరు మెట్లు జారుతాయి, పెద్దవారిని దింపకండి. ఆసక్తి ఉన్నవారు భారత వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవారి ఆర్కిడ్ల తోట చూడవచ్చు. చీకటి పడితే ఘాటులో మంచు కమ్ముతుంది గనుక వెలుగుండగానే దిగండి. తిన్న ఆకులు, కాగితాలు, సీసాలు సంచీలో వేసుకుని తిరిగి తెచ్చుకోండి, ఆ నీళ్ళు క్రిందివారు త్రాగుతారు. ఉసిరికొమ్మ ఇంటినుంచే తీసుకువెళ్ళండి.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. ఆ తరువాతి ఆదివారం తమ్ముడు కాగితాలు పట్టుకుని తానే వచ్చాడు. అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని గంటసేపు పోట్లాడుకున్నాము. గొంతులు పెద్దవైనాయి, ప్రక్కింటి ఆమె గోడ మీదుగా తొంగి చూసింది. నడుమ అమ్మ కాఫీ తెచ్చి ఇద్దరి చేతులలో పెట్టి లోపలికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ నాటి మాటలు కూడా బయటికి వచ్చాయి. అయినా ఎవరి మాట వారే చెప్పుకున్నాము, ఎదుటివారి మాట ఎవరికి వారే విన్నాము. నడుమ మూడోవారు లేరు. మా అమ్మ తపాలా ఉద్యోగం మాత్రం ఆనాటితో చాలించుకున్నది.